కారుకు కావలి బాపు కాదు

మా అన్నకు కారు కొనడానికి ఆరేళ్లు పట్టింది. దాన్ని ఎత్తుకుపోవడానికి చెయ్యి తిరిగినోడికి కొన్ని నిమిషాలు చాలు. ఈ రెండు లెక్కల మధ్యనే ఏడాది నుంచి మా ఇంట్లో ఒక పంచాయితీ నడుస్తోంది.

మాది బాల్కొండ. అన్న దుబాయ్‌లో పని చేస్తాడు. మా దిక్కు ఇది కొత్త ముచ్చటేం కాదు, ప్రతి గల్లీలో గల్ఫ్‌కు పోయినోళ్లు ఇద్దరు ముగ్గురుంటారు. పోయినసారి రెండు నెలల సెలవు మీద వచ్చినప్పుడు అన్న డిజైర్ కొన్నాడు. నెలన్నర తిప్పాడు, వేములవాడ పోయొచ్చాడు, బాసర పోయొచ్చాడు. తర్వాత తాళం నా చేతిలో పెట్టి విమానం ఎక్కాడు. అప్పటి నుంచి రోజూ రాత్రి వాట్సాప్‌లో ఒకటే మెసేజ్: "తమ్మీ, కారు ఎట్లున్నది?"

కారు బాగానే ఉంది. సమస్య అది నిలబడే చోటు. మా ఇల్లు ఖిల్లా దిక్కు పాత ఊళ్లో ఉంది. ఆ గల్లీలు ఎడ్లబండ్ల కాలం నాటివి. గేటు లోపలికి బండి పట్టదు, కాబట్టి గల్లీ మొగదల గోడ పక్కన పెట్టాలి. అక్కడి నుంచి హైవే ఎక్కడానికి ఎంతోసేపు పట్టదు. ఒకప్పుడు ఎన్‌హెచ్ 7, ఇప్పుడు ఎన్‌హెచ్ 44, శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే రోడ్డు. ఒకసారి ఎక్కితే ఇటు ఆర్మూర్, అటు గోదావరి దాటి నిర్మల్. ఆగకుండా పోతే రెండు గంటల్లో పెన్‌గంగ దాటి మహారాష్ట్రలో ఉంటారు. మనకు ఎంత సౌకర్యమో, దొంగకూ అంతే సౌకర్యం.

బాపు మంచం

పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో మా దగ్గరి చుట్టాల కారు ఒక ఫంక్షన్ హాల్ బయట నుంచి పోయింది. లోపల అప్పగింతలు అయ్యేసరికి బయట ఖాళీ జాగా మిగిలింది. అద్దం ముక్క లేదు, చప్పుడు విన్నోడు లేడు. ఆ వార్త ఇంటికొచ్చిన రాత్రే బాపు నులక మంచం తీసుకుపోయి కారు పక్కన వేసుకున్నాడు. తలకింద తువ్వాల, మంచం కింద కట్టె.

బాపుకు ఇది వింత కాదు. పసుపు ఉడకబెట్టి కల్లంలో ఎండబోసినప్పుడు మా వైపు రైతులు అక్కడే పడుకుంటారు. వాన వస్తే కప్పాలి, దొంగ వస్తే అరవాలి. నలభై ఏళ్లు అట్లాగే కావలి కాసినోడికి కారు కూడా పసుపు కుప్ప లాగే కనపడింది. "మనిషి పండుకున్నకాడికి దొంగ రాడు బిడ్డా" అన్నాడు.

నిజమే, చిల్లర దొంగ రాడు. కానీ కార్లు ఎత్తుకుపోయే ముఠాల సంగతి వేరు. 2022 జులైలో మా పక్కనే, హైవే మీదున్న బుస్సాపూర్‌లో గ్రామీణ బ్యాంకును దోచుకున్నారు గుర్తుందా? గ్యాస్ కట్టర్‌తో లాకర్ కోసి కిలోల కొద్దీ బంగారం పట్టుకుపోయారు. అసొంటోళ్లు పనిముట్లతో, బండితో, ముందే చూసుకున్న దారితో వస్తారు. అట్లాంటోళ్ల ముందు అరవై రెండేళ్ల మనిషి ఒక కట్టె పట్టుకుని నిలబడితే ఏమవుతుంది? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారు గురించి కాదు, మంచం గురించి.

ఇక అప్పుడు పట్టుబట్టి చదవడం మొదలుపెట్టాను. దొంగలు ఎట్లా పని చేస్తారో తెలిస్తేనే కదా, బాపును లోపల పండబెట్టగలిగేది.

కారు పోయి ఎటు పోతుంది?

ముందు అర్థమైంది ఇది: వృత్తి దొంగకు మన కారు మీద మోజేం ఉండదు, అది అతనికి సరుకు. ఆ సరుకు మూడు దారుల్లో పోతుంది.

ఒకటి, విడిభాగాలు. యూపీలోని మేరఠ్‌లో సోతీగంజ్ అనే బజారు ఉండేది. దేశంలో ఎక్కడెక్కడో పోయిన బండ్లు అక్కడ ఇంజన్, డోర్లు, సీట్లుగా విడిపోయేవి. 2021 డిసెంబర్‌లో పోలీసులు దాన్ని మూయించారు. బజారు మూసినా గిరాకీ ఊరికే పోదు కదా.

రెండు, మారు పేరు. యాక్సిడెంట్‌లో నుజ్జయి, ఇన్సూరెన్స్ వాళ్లు 'టోటల్ లాస్' అని రాసేసిన కారును కాగితాలతో సహా కొంటారు. అదే మోడల్, అదే రంగు కారును దొంగిలించి, పాత కారు ఛాసిస్ నంబర్ దాని మీద కొడతారు. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని మురిసిపోయే మనలాంటోడి ఇంటికే అది చేరవచ్చు.

మూడు, ఇంకో నేరానికి వాడుకోవడం. గంజాయి మోయాలన్నా, ఏటీఎం కొట్టాలన్నా సొంత బండి తెచ్చుకోరు.

అందుకే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో వ్యవస్థీకృత నేరాల గురించి చెప్పే సెక్షన్ 111లో వాహన దొంగతనాన్ని పేరు పెట్టి మరీ చేర్చారు. ముఠాగా ఇదే పనిగా పెట్టుకున్నోళ్లకు కనీసం ఐదేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం.

తాళం పగలగొట్టే కాలం పోయింది

సినిమాల్లో స్టీరింగ్ కింద రెండు వైర్లు కలిపితే ఇంజన్ స్టార్ట్ అవుతుంది. ఇప్పటి కార్లు అట్లా కావు. తాళంలో చిన్న చిప్ ఉంటుంది, కారులో ఇమ్మొబిలైజర్ ఉంటుంది. చిప్ చెప్పే కోడ్ సరిపోతేనే ఇంజన్ తిరుగుతుంది. యూరప్‌లో 1998 నుంచి కొత్త కార్లకు ఇది తప్పనిసరి చేశారు. అది లేకపోతే ఏమవుతుందో అమెరికా చూసింది. అక్కడ చాలా కియా, హ్యుందాయ్ మోడళ్లలో ఇమ్మొబిలైజర్ పెట్టలేదు. 2021, 22లో పిల్లకాయలు యూఎస్‌బీ కేబుల్‌తో వాటిని స్టార్ట్ చేసి, వీడియోలు తీసి టిక్‌టాక్‌లో పెట్టారు. చివరికి కంపెనీలు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఇచ్చాయి, దాంతో పాటు స్టీరింగ్‌కు వేసే ఇనప లాకులు కూడా ఉచితంగా పంచాయి.

చిప్ ఉన్న కార్లకూ దారులు కనిపెట్టారు. పుష్ బటన్ స్టార్ట్ ఉంటే, ఇంట్లో గూట్లో ఉన్న తాళం సిగ్నల్‌ను ఒకడు గోడ బయట నుంచి పట్టి, కారు దగ్గరున్న ఇంకొకడి పెట్టెకు పంపుతాడు. కారు మాత్రం తాళం పక్కనే ఉందనుకుంటుంది. ఇంకో దారి, అద్దం తీసి లోపలికి చెయ్యి పెట్టి, స్టీరింగ్ కింద మెకానిక్ స్కానర్ పెట్టే ఓబీడీ పోర్టుకు యంత్రం తగిలించి కొత్త తాళం తయారు చేసుకోవడం. 2021 జనవరిలో బంజారాహిల్స్‌లోని ఒక స్టార్ హోటల్ పార్కింగ్ నుంచి కన్నడ సినీ నిర్మాత ఫార్చ్యూనర్ మాయమైన కేసులో దొరికిన రాజస్థాన్ నిందితుడు ఇట్లాంటి యంత్రమే వాడాడని పోలీసులు చెప్పారు. స్టార్ హోటల్ అంటే గార్డులు, కెమెరాలు అన్నీ ఉన్న చోటు.

అన్నిటికన్నా నన్ను ఆపేసిన కేసు లండన్‌ది. 2022లో ఇయాన్ టాబర్ అనే ఆయన టయోటా కారు బంపర్, హెడ్‌లైట్ ఎవరో ఊడబీకారు. ఆకతాయిల పని అనుకున్నాడు. కొన్నాళ్లకు కారే పోయింది. ఆయన కార్ల సైబర్ సెక్యూరిటీ నిపుణుడు కాబట్టి ఊరుకోలేదు, వెంటపడి చూశాడు. హెడ్‌లైట్ వెనకున్న వైర్ల ద్వారా కారు కంప్యూటర్‌లోకి దొంగ సందేశం పంపి తలుపు తీయించి, ఇంజన్ స్టార్ట్ చేయించే యంత్రం ఒకటి అమ్ముతున్నారని తేలింది. చూడటానికి అది మామూలు బ్లూటూత్ స్పీకర్‌లా ఉంటుంది. మనకు పనికొచ్చే పాఠం చిన్నదే: నిలబెట్టిన కారుకు బంపర్, లైట్, టైర్ పైనున్న ప్లాస్టిక్ కదిలినట్టు కనపడితే వదిలేయొద్దు. ఎవరో కొలత తీసుకుపోయి ఉండవచ్చు.

మేం చేసిన పనులు

ఇంత చదివాక తెలిసింది ఒక్కటే. దొంగకు తెలివి ఉంది, యంత్రం ఉంది, లేనిది టైమ్. ఒక్కో అడ్డు ఒక్కో రెండు నిమిషాలు తింటే చాలు, పక్క కారు చూసుకుంటాడు. మన పని కారును కోటలా మార్చడం కాదు, వాడికి గిట్టుబాటు కాకుండా చేయడం.

మొదట స్టీరింగ్‌కు పసుపు రంగు ఇనప లాక్ వేశాను. కంప్యూటర్‌ను మోసం చేసే యంత్రం ఇనుమును మోసం చేయలేదు, దాన్ని కోయాల్సిందే. కోస్తే చప్పుడవుతుంది. రంగు ఎందుకంటే అది బయటికే కనపడాలి, దొంగ చెయ్యి పెట్టకముందే మనసు మార్చుకోవాలి.

తర్వాత ఇంజన్‌కు పెట్రోల్ పోకుండా ఆపే చిన్న స్విచ్ దాచి పెట్టించాం. ఎక్కడ ఉందో నాకు, అన్నకు, బిగించిన మెకానిక్‌కు తెలుసు. మెకానిక్ మా మేనబావే కాబట్టి ఒప్పుకున్నాను, ముక్కూ మొహం తెలియనోళ్లతో ఈ పని చేయించొద్దు. వారంటీలో ఉన్న కారైతే వైరింగ్ ముట్టుకునే ముందు షోరూమ్‌లో అడగాలి.

జీపీఎస్ ట్రాకర్ పెట్టాం. కారు కదిలితే ఫోన్ మోగుతుంది, గట్టిగా ఊగితే సైరన్ మోగుతుంది. ట్రాకర్లు ఉంటాయని దొంగలకూ తెలుసు. అందుకే కొందరు ఎత్తుకొచ్చిన కారును ఎక్కడో కాలనీలో రెండు మూడు రోజులు వదిలేసి, ఎవరైనా వెతుక్కుంటూ వస్తారేమో అని చూస్తారట. కాబట్టి ట్రాకర్‌ను డాష్‌బోర్డ్ కింద అందరూ పెట్టే చోట పెట్టలేదు. పుష్ బటన్ కారున్న మా దోస్తుకు తాళాన్ని స్టీలు డబ్బాలో పెట్టమన్నాను. పక్కన నిలబడి తలుపు తెరుచుకోకపోతే ఆ డబ్బా పని చేస్తున్నట్టే.

మిగతావి పైసా ఖర్చు లేనివి. దుమ్ము పట్టిన కారు, వైపర్ కింద పాత కరపత్రం, ఇవి "ఓనర్ ఊళ్లో లేడు" అని బోర్డు పెట్టినట్టే. గల్ఫ్ వాళ్ల కార్లకు అసలు ప్రమాదం ఇదే. అందుకని వారానికోసారి కడిగి, తిప్పి, ఒక్కోసారి ముందు వెనకలు మార్చి పెడతాను. ముందు చక్రాలు గోడ వైపు తిప్పి ఉంచుతాను, కట్టి లాక్కుపోవడం కష్టమవుతుంది. ఇక మా ఊరి స్పెషల్ ఒకటుంది. రాత్రి పూట చిన్నాయిన ట్రాక్టర్ ట్రాలీని కారు వెనక అడ్డం పెడతాడు. యూట్యూబ్‌లో ఏ ఎక్స్‌పర్ట్ చెప్పలేదు గానీ, దాన్ని మించిన లాక్ నేను చూడలేదు.

పోలీసుల 'నేను సైతం' కింద మా గల్లీ వాళ్లం తలా కొంత వేసుకుని కెమెరా పెట్టించే మాటలు కూడా నడుస్తున్నాయి. కెమెరా దొంగను ఆపదు, కానీ తర్వాత వెతకడానికి దారి చూపిస్తుంది.

టొరంటోలో తాళం, బాల్కొండలో మంచం

ఇవన్నీ అయినా బాపు మంచం కదలలేదు. "గవన్ని ఉండనీ, నేను సుత ఉంట" అన్నాడు.

కెనడాలో మనోళ్లు చాలామంది ఉంటారు కదా, అక్కడ కార్ల దొంగతనాలు ఎంత పెరిగాయంటే 2024 ఫిబ్రవరిలో ప్రభుత్వం ఒట్టావాలో ప్రత్యేకంగా జాతీయ సదస్సే పెట్టింది. ఎత్తుకుపోయిన కార్లు కంటైనర్లలో మాంట్రియల్ పోర్టు నుంచి సముద్రం దాటుతున్నాయి. తాళాల కోసం దొంగలు ఇళ్లలోకి చొరబడటం మొదలైంది. అప్పుడు టొరంటోలో ఒక పోలీసు ఒక మీటింగ్‌లో జనానికి చెప్పిన సలహా ప్రపంచమంతా తిరిగింది: తాళం ఇంటి ముందు తలుపు దగ్గరే పెట్టండి, కనీసం మీ మీదకు రారు.

జనం నవ్వారు, తిట్టారు. దొంగకు తాంబూలం పెట్టి పిలిచినట్టుందన్నారు. నాకూ ముందు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆయన చెప్పిన పద్ధతి నచ్చకపోవచ్చు గానీ లెక్క మాత్రం తప్పు కాదు. కారుకు ఇన్సూరెన్స్ ఉంటుంది. బాపుకు బదులు బాపును ఎవరిస్తారు?

ఇదే మాట ఆ రాత్రి వీడియో కాల్‌లో అన్నకు చెప్పి, ఫోన్ బాపుకిచ్చాను. అన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "బాపూ, గా కారు ఎందుకు కొన్న? నిన్ను దవఖానకు తోలుకపోవాలె, అమ్మను గుడికి తోలుకపోవాలె అని. నువ్వు దానికి కావలి పండుకుంటె ఇగ నేనెందుకు కొన్నట్టు? పోతె పోయె, ఇంకో ఆరేండ్లు జేస్త. నువ్వు లోపటికి పో."

బాపు ఏమీ అనలేదు. మంచం ఎత్తుకొచ్చి ఇంట్లో వేశాడు, కిటికీ పక్కన. కిటికీ లోంచి కారు కనపడుతుంది. అంతవరకు ఒప్పుకున్నాం.

"పోతే పోయె" అనాలంటే

"పోతే పోయె" అనడానికి ధైర్యం చాలదు, కాగితాలు కావాలి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే దొంగతనానికి పైసా రాదు. మా చుట్టాలకు అదే అయింది. రోడ్డు మీద పోలీసులు ఆపితే చూపించడానికి కట్టిన పాలసీ అది. కాంప్రిహెన్సివ్ ఉంటేనే దొంగతనానికి డబ్బు వస్తుంది. అది కూడా పాలసీలో రాసిన ఐడీవీ, అంటే కారు పాతబడ్డ కొద్దీ తగ్గే విలువ ప్రకారం.

క్లెయిమ్‌కు రెండు తాళాలూ అడుగుతారు. మా రెండో తాళం దుబాయ్‌లో అన్న సూట్‌కేసులో ఉంది. ఇన్ని సముద్రాలు దాటి దాన్ని కొట్టేసేటోడు పుట్టలేదులే అని నవ్వుకుంటాం. కాగితాల మీద ఓనర్ సంతకం కూడా కావాలి. ఓనర్ గల్ఫ్‌లో ఉంటే అక్కడి భారత కాన్సులేట్ ద్వారా పవర్ ఆఫ్ అటార్నీ ముందే తెప్పించుకోవడం మంచిది.

కారు కనపడకపోతే మొదటి గంటలో చేయాల్సినవి నా ఫోన్‌లో నోట్స్‌గా ఉన్నాయి. 112కు ఫోన్, కారు నంబర్, రంగు, ట్రాకర్ చూపించే చోటు. ఎఫ్‌ఐఆర్ ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, అదే జీరో ఎఫ్‌ఐఆర్. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోపు పోయి సంతకం చేయాలి. ఫాస్టాగ్‌ను కంగారుగా బ్లాక్ చేయకుండా ముందు పోలీసులకు చెప్పాలి. అటు గంజాల్, ఇటు ఇందల్వాయి, ఏ టోల్ దగ్గర డబ్బు కట్ అయినా మెసేజ్ వస్తుంది. తెలివైన దొంగ ఫాస్టాగ్ పీకేస్తాడు, కానీ అందరూ తెలివైనోళ్లు కాదు. ట్రాకర్ చుక్క వెంట మనమే బైకేసుకుని పోవద్దు, అది పోలీసుల పని.

ఆ తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. ఆలస్యమైందని క్లెయిమ్ కొట్టేస్తే నోరు మూసుకుని రావొద్దు. ట్రాక్టర్ పోగొట్టుకున్న ఒకాయన కేసులో 2020 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: పోలీసులకు వెంటనే ఫిర్యాదు ఇస్తే, కంపెనీకి ఆలస్యంగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిమ్ తిరస్కరించకూడదు. 2023లో ఇంకో కేసు, డ్రైవర్ తాళం లారీకే ఉంచి అడ్రస్ అడగడానికి దిగితే లారీ పోయింది. కోర్టు 75 శాతం ఇప్పించింది. ఇప్పించింది గానీ మిగతా పావు వంతు పోయినట్టే, కోర్టు చుట్టూ తిరిగిన ఏళ్లు కూడా పోయినట్టే. పాన్ డబ్బా దగ్గర ఏసీ ఆన్‌లో పెట్టి దిగేటోళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఆ రాత్రి

రెండు నెలల కింద రాత్రి రెండు దాటాక నా ఫోన్ మోగింది. కారు కదులుతోందని ట్రాకర్ మెసేజ్. బాపు అప్పటికే కిటికీ దగ్గర లేచి కూర్చున్నాడు. చెయ్యి కట్టె కోసం వెతుకుతోంది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. తలుపు తీయలేదు. లోపల నుంచే బయట లైట్ వేసి సైరన్ బటన్ నొక్కాను. ఊరంతా లేచే మోత. చిన్నాయిన ఇంట్లో లైటు వెలిగింది, ఎదురింట్లో వెలిగింది, కుక్కలన్నీ ఒక్కసారి అందుకున్నాయి. గల్లీ చివర ఒక బైక్ స్టార్ట్ అయిన చప్పుడు, హైవే వైపు పోయిన చప్పుడు.

నలుగురం గుమిగూడాకే తలుపు తీశాం. ఎనక అద్దం రబ్బరు కొంచెం లేచి ఉంది. దొంగ పనో, పిల్లల పనో ఇప్పటికీ తెలియదు. పొద్దున స్టేషన్‌లో చెప్పి వచ్చాను.

తెల్లారి వాకిట్లో అందరూ బాపును అడిగారు, "కాకా, నువ్వు మొత్తుకున్నవా?" అని. బాపు బీడీ ముట్టించుకుంటూ, "నేనెందుకు మొత్తుకుంట? కారే మొత్తుకున్నది" అన్నాడు.

అన్న ఇప్పటికీ రోజూ రాత్రి మెసేజ్ పెడతాడు. మాట మాత్రం మారింది: "తమ్మీ, బాపు ఇంట్లనే పండుకున్నడా?"